ముందే చెల్లించిన కృతజ్ఞత

పాతిక కుర్చీలు వేయమన్నారు ప్రిన్సిపాల్ గారు. నేను ముప్పై వేశాను. పెద్ద చదువులు చదివినవాళ్ళ అంచనా ఎప్పుడూ కాస్త తక్కువే వస్తుందని పాతికేళ్ళుగా చూస్తున్నాను.

బాపట్లలో మా కాలేజీ కెమిస్ట్రీ లాబ్‌కి నేను అటెండర్ని. పేరు అబ్రహాము. ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. కానీ సీసా ఎత్తి వెలుతురులో చూస్తే చాలు, పర్మాంగనేటు ఎన్నాళ్ళ కిందట కలిపిందో చెప్పగలను. బ్యూరెట్టు గొట్టం ఎక్కడ కారుతుందో చేత్తో తడిమి చెప్పగలను. లెక్చరర్లు తమకు తెలియనప్పుడు నన్ను అడుగుతారు, తెలిశాక నన్నే కసురుతారు.

మా కాలేజీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పెట్టి అప్పటికి నాలుగేళ్ళు. చివరి సంవత్సరం పిల్లలకి 'ఈ చదువు తర్వాత ఏం చేయవచ్చు' అనే విషయం మీద బయటినుంచి ఒకాయన్ని పిలిచారు. తొంభై అయిదు నవంబరు, శుక్రవారం. నల్లబల్ల మీద ఆయన పేరు రాసి ఉంది. శేషగిరిరావు, చీఫ్ కెమిస్టు, జంపని చక్కెర ఫ్యాక్టరీ.

ఆ పేరు నేను అంతకుముందు ఒకేసారి చూశాను. తొమ్మిదేళ్ళ కిందట, మా చెల్లెలికి వచ్చిన ఉత్తరం అడుగున, సంతకం కింద.

*

మాది రేపల్లె. మా నాన్న ఒక రైతు దగ్గర పాలేరు. నాకు పదమూడేళ్ళప్పుడు కామెర్లతో పోయాడు. అప్పటికి చెల్లెలు సరోజినికి ఇంకా నడక రాలేదు. నేను పలక వదిలి పశువుల వెంట పోయాను. తర్వాత మా సంఘం పాస్టరు గారు రాసిచ్చిన ఉత్తరం పట్టుకుని బాపట్ల వచ్చి ఈ ఉద్యోగంలో చేరాను. సరోజిని మిషను హాస్టల్లో ఉండి చదివింది. స్కూల్లో ఫస్టు, కాలేజీలో ఫస్టు. ఎనభై ఆరులో యూనివర్సిటీ నుంచి ఎమ్మెస్సీ పట్టా తెచ్చుకుంది. మా పేటలో ఎమ్మెస్సీ అన్న మాట అందరికీ పలకడం కూడా రాదు.

మా లాబ్‌లో నల్లబల్ల కింద చెక్క అరుగు ఒకటి ఉంది. రోజూ పొద్దున్నే దాన్ని తడిగుడ్డతో తుడిచేది నేను. దాని మీద మా చెల్లెలు నిలబడాలి, నేను బ్యూరెట్లు అందించాలి, నన్ను "ఏరా అబ్రహామూ" అని కేకేసేవాళ్ళు ఆమెను "మేడమ్" అనాలి. నా మనసులో ఉన్నది అదే. పైకి మాత్రం అంతా ఆమె మంచి కోసమే అన్నాను.

నవంబరు ఇరవై తొమ్మిది, శనివారం. నేను ఇంటికి వెళ్ళేసరికి సరోజిని చేతిలో ఉత్తరం ఉంది.

"అన్నయ్యా, సోమవారం పొద్దున ఎనిమిదింటికల్లా జంపని ఫ్యాక్టరీలో చేరాలి. మొదటి రైలుకి వెళ్తే సరిపోద్ది."

"ఏంటి చేరేది? చెరకు రసం బండి దగ్గర నిలబడడానికా ఎమ్మెస్సీ చదివింది?"

"రసం అమ్మను అన్నయ్యా, పరీక్ష చేస్తాను. గంటగంటకీ నమూనా తీసి పంచదార ఎంతుందో చూడాలి. లాబ్ కెమిస్టు."

మా అమ్మ వరమ్మ పొయ్యి దగ్గర్నుంచి నవ్వుతూ వచ్చింది. "ఒరే, ఇంటర్యూలో ఏం అడిగారో చెప్పనియ్యరా దాన్ని! చెప్పవే."

"పాన్‌లో అంటే రసం కాచే పెద్ద బాండీలో, పాకం ఎప్పుడు పలుకు కడుతుందో మీటరు లేకుండా ఎట్టా చెప్తావు అని అడిగారు. ముందున్న మగపిల్లలందరూ పుస్తకంలోది అప్పజెప్పారంట. నేను, మా అమ్మ అరిసెల పాకం నీళ్ళ పళ్ళెంలో వేసి చూస్తుందండి, ఉండ కడితే దించేస్తుందండి, దానికి ముందే వేళ్ళ మధ్య తీగ సాగుతుందండి అన్నాను. అక్కడున్న పెద్దాయన శేషగిరిరావు గారు బల్ల మీద చరిచి నవ్వారు. మా పాన్ మేస్త్రి కూడా అంతే చేస్తాడమ్మా, వేళ్ళతోనే అన్నారు."

"నా అరిసెలకి ఉజ్జోగం ఇచ్చారంటరా!" అంది అమ్మ.

వాళ్ళిద్దరూ నవ్వుతుంటే నాకు ఒళ్ళు మండింది.

"రాత్రి డ్యూటీలు ఉంటాయంట కదా?"

"ఉంటాయి. నర్సులకి లేవా? మన సంఘంలో ఇంటికొక నర్సు ఉంది."

"నర్సు వేరు."

"ఏంటి వేరు?"

ఏంటి వేరో నాకూ తెలియదు. అందుకని గొంతు పెంచాను. "మా కాలేజీలో లెక్చరర్ పోస్టు ఖాళీ ఉంది. ప్రిన్సిపాల్ గారు నీకే ఇస్తానని మాటిచ్చారు. అది వదిలేసి ఆరు నెలల సీజను ఉద్యోగానికి పోతావా?"

సరోజిని ముఖంలో నవ్వు ఆగిపోయింది. "మాటిచ్చారా? నిజంగా?"

"నేను అబద్ధం చెప్తానా?"

చెప్పాను. ముందురోజు సాయంత్రం అప్పటి ప్రిన్సిపాల్ గారు సైకిలు స్టాండు దాకా నడుస్తుంటే వెనకాలే వెళ్ళి, మా చెల్లెలు ఎమ్మెస్సీ అండి, మన కాలేజీలో ఖాళీ ఉందటండి అని చేతులు కట్టుకుని చెప్పాను. ఆయన తిరిగి కూడా చూడలేదు. "చూద్దాంలే అబ్రహాము" అన్నారు. అంతే. ఆ మాట ఆయన రోజుకి పదిమందితో అంటారని నాకు తెలుసు. తెలిసి కూడా దాన్ని మాటగా మార్చి ఇంటికి తెచ్చాను.

ఆ పూట సరోజిని నాతో ఇంకేమీ వాదించలేదు. గంజిపెట్టిన చీర ఒకటి మడతపెట్టి సంచిలో సర్దుకుంది. అంటే వెళ్ళడానికే సిద్ధమైంది.

మరునాడు క్రిస్మసుకి ముందొచ్చే ఆగమన కాలపు మొదటి ఆదివారం. మా గుడిలో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో బిడ్డ పుట్టినా, పరీక్ష పాసైనా, ఉద్యోగం వచ్చినా కృతజ్ఞతార్పణ కవరులో పెట్టి, దేనికోసమో పైన రాసి పళ్ళెంలో వేస్తాం. పాస్టరు గారు దాన్ని సంఘమంతటికీ చదివి వినిపించి ప్రార్థన చేస్తారు. కొందరు పని జరగకముందే వేస్తారు. ముందే కృతజ్ఞత చెల్లించాం కాబట్టి దేవుడు కాదనడని వాళ్ళ నమ్మకం. పిల్లకి పెళ్ళి కుదరకముందే కుదిరిందని వేసినవాళ్ళు మా పేటలో ఉన్నారు.

నేను కవరు తీసుకున్నాను. పైన గుండ్రటి అక్షరాలతో రాశాను. 'మా చెల్లెలు సరోజిని, ఎమ్మెస్సీ, లెక్చరరుగా నియమింపబడినందుకు.' అది నమ్మకమో మోసమో అప్పుడు ఆలోచించలేదు. ఒకటి మాత్రం తెలుసు. ఒకసారి గుడిలో చదివాక సరోజిని ఆ సంచి విప్పక తప్పదు.

అంద్రెయ పాస్టరు గారు కవర్లు ఒక్కొక్కటే చదువుతూ నాది ఎత్తి, కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చదివారు, ఈసారి గట్టిగా. "మన సంఘంలోనుంచి మొదటి లెక్చరరు!" అన్నారు. ఆడవాళ్ళ వైపు చాపల మీద కలకలం లేచింది. మా అమ్మ లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. మొగుడు పోయిన నాటినుంచి మొదలుపెట్టి, ఏడ్చి, స్తోత్రం చెప్పి కూర్చుంది. ఆమె అది నిజమనే అనుకుంది. సరోజిని మాత్రం ఏడవలేదు, నవ్వలేదు. మధ్యదారి అవతలినుంచి నావైపు చూసింది. నేను పాటల పుస్తకంలో పేజీ వెతుక్కున్నాను.

ఇంటికొచ్చాక ఒకటే అడిగింది. "ఆర్డరు ఏది అన్నయ్యా?"

"వస్తుంది. మాటిచ్చారన్నానుగా."

"నేను రేపు జంపని వెళ్తే?"

"వెళ్ళు. అమ్మ అంతమందిలో నిలబడి చెప్పింది. వచ్చే ఆదివారం మళ్ళీ లేచి, నేను చెప్పింది అబద్ధమని చెప్పుకుంటుంది."

రేపల్లె స్టేషన్లో మొదటి రైలు కదిలేటప్పుడు కూత మా ఇంటికి వినిపిస్తుంది. సోమవారం పొద్దున ఆ కూత వినిపించినప్పుడు సరోజిని గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చెయ్యి ఒక్కసారి ఆగింది. మళ్ళీ ఏరింది.

జనవరిలో ఆ పోస్టుని మా కాలేజీ కమిటీ మెంబరు గారి అల్లుడికి ఇచ్చారు. బీకరుకీ ఫ్లాస్కుకీ తేడా అతనికి చూపించింది నేనే. సరోజిని ఒక ఏడాది ఎదురుచూసింది. అక్కడా ఇక్కడా గంటల లెక్కన పాఠాలు చెప్పింది. చివరికి తెనాలిలో ఒక ట్యుటోరియల్లో చేరింది. పొద్దున ఆరింటికి మొదలుపెడితే సాయంత్రం దాకా ఇంటర్ పిల్లలకి అవే సమీకరణాలు. పెళ్ళి సంగతి ఎవరైనా ఎత్తితే, స్లిప్ టెస్టులు దిద్దాలంటుంది. మా సంఘంలో మాత్రం ఈనాటికీ ఆమెను 'లెక్చరరమ్మ' అనే పిలుస్తారు.

*

శేషగిరిరావు గారు పొట్టి మనిషి. ఉపన్యాసం ఇవ్వలేదు, కబుర్లు చెప్పారు.

"మా బ్యాచ్‌లో పద్నాలుగుమందిమి. లెక్చరర్లు అయింది ముగ్గురే. ఒకడు మందుల కంపెనీ బ్యాగు పట్టుకుని డాక్టర్ల గుమ్మాల దగ్గర కూర్చుంటాడు, నాకంటే సుఖంగా ఉన్నాడు. ఒకడు చీరాలలో నూలుకి రంగులు కలుపుతాడు. ఒకడు నిజాంపట్నం దగ్గర రొయ్యల చెరువుల్లో నీళ్ళు పరీక్ష చేస్తాడు. ఇంకొకడు పోలీసువాళ్ళ లాబ్‌లో విషాలు చూస్తాడు. వాడితో భోజనానికి కూర్చోవాలంటేనే భయం. మాకివేవీ ఎవరూ చెప్పలేదయ్యా. తడుముకుంటూ పోయాం. ఎమ్మెస్సీ అంటే లెక్చరరే అనుకుని ఇంటిదగ్గర కూర్చున్నవాళ్ళు మాత్రం కూర్చునే ఉన్నారు."

"సార్, ఫ్యాక్టరీలో పంచదార ఫ్రీయా సార్?" వెనకనుంచి ఎవడో.

"పంచదార కాదు నాయనా, షుగరు జబ్బు ఫ్రీ."

అందరూ నవ్వారు. నేను టీ గ్లాసుల ట్రే పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. మూడో వరసలో ఒక ఆడపిల్ల లేచింది. నల్లగా, పొడుగ్గా ఉంటుంది. ఎప్పుడూ అందరికంటే చివర బీకర్లు కడిగి వెళ్ళే పిల్ల.

"సార్, మీ లాబ్‌లో ఆడవాళ్ళు ఉన్నారాండీ?"

ఆయన ఆ పిల్లవైపు తిరిగారు.

"లేరమ్మా. ఎనభై ఆరులో ఒక అమ్మాయిని తీసుకున్నాం. ఆ ఏడు వచ్చినవాళ్ళలో మొదటి పేరు ఆమెదే. పాకం గురించి నేను అడిగినదానికి అరిసెలతో జవాబు చెప్పింది. ఇప్పటికీ మా ఇంట్లో అరిసెలు చేస్తే గుర్తొస్తుంది. కానీ చేరలేదు. రెండు వారాలు బల్ల ఖాళీగా ఉంచాను. కబురు కూడా లేదు. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఒక మాట పుట్టింది, సెలెక్టు అయిన పిల్లే వెళ్ళలేదంటే అక్కడేదో ఉండే ఉంటుందని. ఏమీ లేదమ్మా అక్కడ, చెరకు మడ్డి వాసన తప్ప. కానీ అప్పటినుంచి ఒక్క ఆడపిల్ల కూడా అప్లికేషను పెట్టలేదు."

నా చేతిలో ట్రే తలుపుకి తగిలింది. "జాగ్రత్త అబ్రహామూ" అన్నారు మా హెడ్డు గారు.

సభ అయ్యాక ఆయన వరండాలో చెప్పులు వేసుకుంటుంటే దగ్గరికి వెళ్ళాను.

"అయ్యా, ఆ అరిసెల అమ్మాయి మా చెల్లెలండి."

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశారు. ఖాకీ చొక్కా, యాసిడ్ మచ్చలు, అన్నీ. "నీ చెల్లెలా? ఎందుకు రాలేదయ్యా?"

"ఇంట్లో... కొన్ని కారణాలండి."

"ఇప్పుడేం చేస్తోంది?"

"తెనాలిలో ట్యుటోరియల్లో చెప్తదండి."

"ఈ సీజనుకి లాబ్‌లో ఒక ఖాళీ ఉంది. ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఆమె వస్తానంటే రమ్మను. వయసు సంగతి పైవాళ్ళతో నేను మాట్లాడతాను. వచ్చే శుక్రవారం లోపల కబురు చెయ్యి. ఈసారైనా కబురు చెయ్యండయ్యా."

*

మరునాడు సాయంత్రం తెనాలిలో దిగి రేపల్లె బండి ఎక్కాను. శనివారాలు ఇద్దరం అదే బండిలో ఇంటికి పోతాం. సరోజిని అప్పటికే కూర్చుని ఒళ్ళో స్లిప్ టెస్టుల కట్ట పెట్టుకుని ఎర్ర పెన్నుతో దిద్దుతోంది. ముప్పై రెండేళ్ళకే గొంతు బొంగురుపోయింది. సుద్దముక్క పొడికి చూపుడువేలు పగిలి ఉంటుంది.

బండి కదిలాక చెప్పాను. శేషగిరిరావు గారు రావడం, ఆ పిల్ల అడగడం, ఆయన చెప్పిన మాటలు, ఖాళీ, శుక్రవారం గడువు. ఆమె తల ఎత్తలేదు. కానీ పెన్ను ఒకే కాగితం మీద ఆగిపోయింది.

"చేరమ్మా. నేనే దగ్గరుండి తీసుకెళ్తాను. అమ్మకి నేను చెప్పుకుంటాను."

"నువ్వా?" అంది.

జంపనిలో బండి ఆగింది. కుడివైపు కిటికీల్లోంచి ఫ్యాక్టరీ గొట్టం కనిపిస్తోంది. సరోజిని ఎడమవైపు కూర్చుని ఉంది. అప్పుడు తట్టింది నాకు. ఇన్నేళ్ళుగా ఈ బండిలో ఆమె కుడివైపు కూర్చోగా నేను చూడలేదు. సీటు ఖాళీ ఉన్నా సరే. నేను మాత్రం గాలి బాగా వస్తుందని ఎప్పుడూ కుడివైపే కూర్చునేవాణ్ణి.

"అన్నయ్యా, ఒకటి అడుగుతాను. అప్పుడు ప్రిన్సిపాల్ గారు సరిగ్గా ఏమన్నారు?"

తొమ్మిదేళ్ళలో అడగని మాట. ఎదురుసీటులో ఒక ముసలామె వేరుశనక్కాయలు ఒలుస్తోంది. బండి అక్కడ ఆగేదే కాసేపు. ఆ కాసేపులో ఎన్ని అబద్ధాలు దొరుకుతాయా అని వెతికాను. ఒక్కటీ దొరకలేదు.

"చూద్దాంలే అబ్రహాము అన్నారు."

"అంతేనా?"

"అంతే."

ఆమె చాలాసేపు నావైపు చూసింది. కోపంగా కాదు. లెక్క తప్పు చేసిన పిల్లవాడి కాగితం చూసినట్టు, ఎక్కడ తప్పిందా అని చూసింది.

"నేను ఆయన్ని తిట్టుకున్నానన్నయ్యా. పెద్దమనిషి అయ్యుండి మాటిచ్చి తప్పాడని, ఆ పోస్టు అమ్ముకున్నాడని. ఆయన పోయాడని తెలిసిన రోజు కూడా, పోతే పోయాడులే అనుకున్నాను." కాగితాలు సర్ది రబ్బరు బ్యాండు వేసింది. "పాపం, ఆయన ఏమీ అనలేదన్నమాట."

బండి కూత వేసింది.

"ఇంకా వారం ఉంది సరోజినీ. ఆలోచించు."

"ఆలోచించేదేంటి? ఆయన పిలిచింది నన్ను కాదు. అరిసెల గురించి చెప్పిన పిల్లని. ఆ పిల్ల ఆ సోమవారం బియ్యం ఏరుతా కూర్చుంది, అంతే. ఇప్పుడు నన్ను అడిగితే పాకం గురించి పుస్తకంలోది అప్పజెప్తాను." ఆగి మళ్ళీ అంది. "అమ్మ కూడా అరిసెలు చెయ్యడం మానేసింది. గమనించావా?"

గమనించలేదు. చెయ్యలేకపోతోంది అనుకున్నాను.

బండి వేమూరు దాటింది. తర్వాత తనే అడిగింది. "ఆడవాళ్ళు ఉన్నారా అని అడిగిన పిల్ల పేరేంటి?"

"తెలియదు."

"నీ లాబ్‌లో రెండేళ్ళనుంచి బీకర్లు కడుగుతోంది అన్నావుగా?"

"పేరు తెలియదమ్మా."

"కనుక్కో. కనుక్కుని ఆయనకి ఆ పేరు కబురు చెయ్యి. నా పేరు చెప్పకు."

మరునాడు గుడిలో పళ్ళెం నా ముందుకొచ్చింది. ఎనభై ఆరు తర్వాత నేను కవరు మీద ఏమీ రాయలేదు. ఆ రోజు లేచి నిలబడి చెప్పేద్దామని ఉంది. పాస్టరు గారు అటుగా వస్తూ అమ్మని పలకరించారు. "ఏం వరమ్మా, లెక్చరరమ్మ బాగుందా?" అమ్మ ముఖం వెలిగింది. "దేవుని కృప అయ్యగారూ." నేను కూర్చునే ఉన్నాను.

*

సోమవారం ప్రాక్టికల్సు అయ్యాక ఆ పిల్ల ఎప్పటిలాగే చివర మిగిలింది. నేను సింకు దగ్గరికి వెళ్ళాను.

"అమ్మా, నీ పేరేంటి?"

ఉలిక్కిపడింది. "గంగాదేవండి. ఏమన్నా పగిలిందాండీ?"

"ఏం పగల్లేదు. చక్కెర ఫ్యాక్టరీలో ఖాళీ ఉంది. ఆ సారు మొన్న వచ్చినాయన. నీ పేరు పంపుదామని. పరీక్షలకి సెలవు సంగతి ఆయన్నే అడుగుతాను."

ఆమె తడిచేతులు ఓణీకి తుడుచుకుంది. కళ్ళు ఒక్కసారి మెరిశాయి, అంతలోనే ఆరిపోయాయి.

"మా నాన్న ఒప్పుకోడండి. నిజాంపట్నంలో పడవ మీద పోతాడండి. లెక్చరరు అయితేనే మావాళ్ళు తలెత్తుకుంటారంటాడు. ఫ్యాక్టరీ అంటే పడవకీ దానికీ తేడా ఏంటంటాడండి."

"మీ నాన్న పేరు?"

"నాంచారయ్యండి."

"వేట లేని రోజు ఎప్పుడు?"

"శుక్రవారం వెళ్ళడండి. ఎందుకండీ?"

శుక్రవారమే గడువు. ఈలోపలే ఒక రోజు ఎట్లాగైనా చిక్కించుకోవాలి. పడవ ఒడ్డుకి వచ్చేదాకా ఇసుకలో కూర్చోవలసి వస్తే కూర్చోవాలి.

"నేను వచ్చి మాట్లాడతాను."

"మీరాండీ?" అంది నమ్మలేనట్టు. అటెండరు వచ్చి ఏం మాట్లాడతాడని ఆమె అనుమానం. తప్పు కాదు. మళ్ళీ తనే అడిగింది. "మీకు తెలిసినవాళ్ళెవరన్నా అక్కడ చేశారాండీ? మా నాన్న మొదట అదే అడుగుతాడు."

"లేదమ్మా" అన్నాను. "చేరాల్సిన మనిషి ఒకామె ఉండేది. చేరనివ్వలేదు. అది చెప్తాను మీ నాన్నకి."

రికార్డు పుస్తకంలోంచి ఖాళీ కాగితం ఒకటి చింపి ఇచ్చాను. నేను రాయలేదు, ఆమెనే రాయమన్నాను. పేరు, ఊరు, తండ్రి పేరు రాసింది. ఏం రాయాలో తెలియక ఒక్క క్షణం ఆగి, చివర ఎమ్మెస్సీ అని రాసింది. ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. తర్వాత చీపురు తీసుకుని చెక్క అరుగు ఊడవడం మొదలుపెట్టాను. దాని మీద సుద్దపొడి ఎప్పటిలాగే ఉంది.